మిషన్ ఆగలే

దేవరకొండల మా టాకీసుకు
పొరపాటున వచ్చింది ఆ సిన్మ.
పెద్ద హీరోది వాయిద పడ్డది,
శుక్రారం తెర ఖాళీగుంటె అరిష్టమని
మా సేటు దీన్ని పట్టుకొచ్చిండు.
పోస్టర్ల ఒక మనిషి
గోడదిక్కు మొకం పెట్టి పండుకున్నడు.
అతికిచ్చెటోడు తలకిందుల అతికిచ్చిండు.
మూడు రోజులు ఎవ్వలు చూడలే.

మాట్నీకి నలబై మూడు టికెట్లు.
కథ చెప్పమంటె చెప్పరాదు.
ఒక టైలరుంటడు.
కుట్టు మిషన్ల సగం జాకెట్టు,
సూది అందుల్నే దిగవడి ఉంటది.
లేవాల్ననుకుంటడు. లేవడు.
ఇంటర్వెల్ అయినంక
ఏడు నిమిషాలు నల్ల కారుతది.
చుక్క.
ఇంకో చుక్క.
బకీటు నిండదు, బొమ్మ కదల్దు.

మూడో నిమిషంల ఈలలు.
నాలుగో నిమిషంల
మా అమ్మను, అక్కను పేరుపేరున యాదిజేసిండ్రు.
"ఓ సైదులూ! మిషన్ ఆగింది, పండినవా?"
కంతలకెల్లి చెయ్యి బయటవెట్టి ఊపిన,
నడుస్తుంది, నడుస్తుందని.
నా చెయ్యి నీడ తెరమీద
టైలరు నెత్తి నిమిరినట్టు పడ్డది.
అప్పుడు జర నవ్విండ్రు.

బయటికొచ్చినంక ఒక్కొక్కలది ఒక్కో నోరు.
పురుగుమందుల దుకాణం కేశవులు
పైసలు వాపసడిగిండు:
"పత్తి మునిగినోల్లు రోజు నా కౌంటర్ కాడ నిలవడ్తరు,
వాల్లన్న ఏడుస్తరు. వీనికేం పోయింది?"
ఆరెంపీ డాక్టరన్నడు:
"నాలుగు బీట్వెల్వు సూదులిస్తె
సిన్మ అరగంటల ఒడిసేది."
కాలేజీ తెలుగు సారొక్కడే చప్పట్లు గొట్టిండు.
నల్లంటె కాలమట, బకీటంటె సమాజమట.
సమోసల అచ్చమ్మ
"కాదు సారూ, వాషరు పోయింది" అన్నది.

మర్రిగూడ దిక్కు కైలాసం,
ఫ్లోరిన్ నీళ్లకు నడుం వంగినోడు,
కుర్చీల సగమే ఆని, ఆట అంత చూసిండు.
"మా బొక్కలు వంగితె ఫోటువలు దీసిండ్రు,
లీడర్లొచ్చిండ్రు, బోర్లకు ఎర్ర రంగేసిండ్రు.
ఈ పిలగానిది ఏడ వంగిందో
ఎక్స్‌రేల రాదు గద" అని
బీడీ నోట్ల వెట్టుకొని
ముట్టియ్యకుంటనే పోయిండు.

రాత్రి సేటు పైకెక్కొచ్చిండు.
"రేపటికెల్లి ఆ నల్ల ఉండొద్దు."
మౌసు వట్టి
ఏడు నిమిషాలు అవుతలికి దుంకిచ్చిన.
ఎంత అల్కగ దుంకింది!
ఎవ్వలు తిట్టలే.
మా అమ్మ ఇంట్ల సల్లగ కూసున్నది.

శనారం ఫస్టు షో ఇడిసినంక
మెట్లెక్కి ఒకామె వచ్చింది,
మల్లేపల్లి పక్క తండకెల్లి, పేరు చావ్లి.
"నిన్న మాట్నీ చూసిన అన్నా.
మిషన్ ఆగిందనే అనుకున్న.
నేను గూడ తిట్టిన, ఏమనుకోకు.
ఇంటికి పోతె మా ఆయన గట్లనే ఉన్నడు.
రెండేండ్ల సంది ఉన్నడు,
పని దొంగవని తిట్టుకుంట ఉన్న.
ఇయ్యాల బతిమిలాడి, నీళ్లు వోసి తోలుకొచ్చిన,
ఆ నల్ల చూపిద్దామని.
అది రాలేదేంది?"

ఆయన రెండు మెట్లు కింద నిలవడ్డడు.
అంగీ గుండీలు
ఒక కాజ తప్పి పెట్టుకున్నడు.

"కరెంటు పోయి జంపయింది" అన్న.
నమ్మింది.
ఇంకోసారి వేస్తవా అని అడగలే, అడిగితె బాగుండు.
ఆయన మాత్రం కంత దిక్కు చూసిండు,
తర్వాత నా చెయ్యి దిక్కు.
టీవీఎస్సు ఆమెనే నడిపింది.
ఎనకాల ఆయన కూసున్న తీరుకు
బండి ఒక పక్కకు వాలినట్టనిపిచ్చింది.
రోడ్డే ఒంకరేమో, నాకెరుకలే.

సోమారం పెద్ద సిన్మ దిగింది.
డప్పులు, కాయిదం పూలు, పాలాభిషేకం.
పాత సిన్మ డబ్బల వెట్టి
కొరియర్ పిలగానికిచ్చిన.
కాయిదం మీద ఏలు వెట్టి అడిగిండు:
"అన్నీ మంచిగున్నయా? ఏం పోలే గద?"

ఏం పోలేదని
సంతకం వెట్టిన.